ఫాగున్ ఏ సంవత్సరంలోది? – అస్సామీల సౌరమాన పంచాంగం గురించి ఒక పాఠం



నేను బరంపురంలో ఒక బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. బి.కాం. చదివినవాణ్ణి. జ్యోతిషంగానీ ఖగోళశాస్త్రంగానీ చదువుకోలేదు. అయినా ఈ సంచికలో పంచాంగం గురించి రాయడానికి పూనుకున్నానంటే దానికి కారణం నా పొరపాటు ఒకటి. ముందు దాన్ని మీతో చెప్పుకుని, తరువాత పాఠంలోకి వస్తాను.

2023లో మన ట్రస్టుకి వచ్చిన స్కాలర్‌షిప్పు దరఖాస్తులు సరిచూసే పని పెద్దలు నాకు అప్పగించారు. వాటిలో ఒక అమ్మాయి దరఖాస్తు ఉంది. వాళ్ళ పూర్వీకులు మన గంజాం ప్రాంతం నుంచి అస్సాం టీ తోటల్లో పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగువారు. పిల్ల మాత్రం బరంపురంలో మేనమామగారింట ఉండి ప్లస్ టూ పూర్తిచేసింది. జనన ధ్రువపత్రంలో 2006 మార్చి అని ఉంది. అందులో పేరు అక్షరాలు స్కూలు సర్టిఫికెట్‌తో సరిపోలేదు కాబట్టి, ఆధారంగా ఇంటి పంచాంగంలో తండ్రి రాసుకున్న కాగితం నకలు కూడా జతచేశారు. అందులో "1412 ఫాగున్" అని ఉంది.

అస్సాం సంవత్సరానికి 593 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఎక్కడో చదివిన గుర్తు. కలిపాను. 2005 వచ్చింది. ధ్రువపత్రంలో 2006, ఇంటి కాగితంలో 2005! జూలై 1 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండకూడదని మన నిబంధన. 2005 అయితే ఆ పిల్లకి వయసు దాటిపోయినట్టే. "పుట్టిన సంవత్సరంలో తేడా. పరిశీలించనక్కరలేదు" అని పెన్సిలుతో రాసి పక్కన పెట్టాను.

నాలుగు రోజుల తరువాత మేనమామగారు ఆ పిల్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కాలేజీ ఫీజు గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. అత్తగారి చెవిదుద్దులు తాకట్టు పెట్టే మాట ఇంట్లో వచ్చిందట. నేను నా లెక్క చూపించాను. ఆ అమ్మాయి కాగితం వైపు ఒక్కసారి చూసి, "తాతగారూ, మాకు సంవత్సరం మారేది బొహాగ్‌లో గదండీ! ఫాగున్ వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. 594 కలపాలి" అంది.

నాకు నోట మాట రాలేదు. 2006 మార్చి నెల వోచరు 2005–06 లెడ్జరులోకే వెళుతుందని ముప్ఫై నాలుగేళ్ళు కౌంటరులో కూర్చున్న నాకు ఎవరైనా చెప్పాలా? అదే సూత్రం. కాగితం మీద నెల పేరు కొత్తగా కనిపించేసరికి నాకు తట్టలేదు. పెన్సిలు రాత చెరిపేసి, ఆ రోజే దరఖాస్తు పైకి పంపాను. ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్పు వచ్చింది. మరుసటి వేసవిలో ఆమె తండ్రిగారు వచ్చినప్పుడు అస్సామీ పంచాంగం ఒకటి నాకు తెచ్చి ఇచ్చారు. వాళ్ళు దాన్ని పంజిక అంటారు. దాన్ని ముందు పెట్టుకుని, ఆయన్ని అడిగీ, పుస్తకాలు చూసీ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

చాంద్రమానం, సౌరమానం

మన ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకి ఒక నెల. పన్నెండు చాంద్రమాసాలకి సుమారు 354 రోజులు. సూర్యుడి లెక్కకి ఇది దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు పూడ్చడానికి రెండున్నర మూడేళ్ళకొకసారి అధికమాసం వేస్తాము. 2023లో అధిక శ్రావణం అలా వచ్చినదే. అందుకే ఉగాది తేదీ ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30న వచ్చింది.

అస్సామీల నెల సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి వెళ్ళడమే సంక్రమణం. సంక్రమణానికీ సంక్రమణానికీ మధ్య ఉన్నది ఒక నెల. పన్నెండు రాశులూ తిరిగితే సంవత్సరం. అధికమాసం అవసరం లేదు. వారి సంవత్సరాది ప్రతి ఏటా ఏప్రిల్ 14 లేదా 15న వస్తుంది.

ఇది మనకి బొత్తిగా తెలియని పద్ధతి కాదు. మన పండగల్లో మకర సంక్రాంతి సౌరమానం ప్రకారం వచ్చేదే. అందుకే అది జనవరి 14, 15 దాటి పోదు. ధనుర్మాసం కూడా సౌరమాసమే. మనం సంవత్సరంలో ఒకటి రెండుసార్లు వాడే కొలబద్దను అస్సామీలు సంవత్సరమంతా వాడతారు.

నెలల పేర్లు

1. బొహాగ్ – మేషం – ఏప్రిల్, మే
2. జేఠ్ – వృషభం – మే, జూన్
3. ఆహార్ – మిథునం – జూన్, జూలై
4. శావోణ్ – కర్కాటకం – జూలై, ఆగస్టు
5. భాద – సింహం – ఆగస్టు, సెప్టెంబరు
6. ఆహిన్ – కన్య – సెప్టెంబరు, అక్టోబరు
7. కాతి – తుల – అక్టోబరు, నవంబరు
8. ఆఘోణ్ – వృశ్చికం – నవంబరు, డిసెంబరు
9. పుహ్ – ధనుస్సు – డిసెంబరు, జనవరి
10. మాఘ్ – మకరం – జనవరి, ఫిబ్రవరి
11. ఫాగున్ – కుంభం – ఫిబ్రవరి, మార్చి
12. సొత్ – మీనం – మార్చి, ఏప్రిల్

ప్రతి నెలా ఇంగ్లీషు నెల మధ్యలో మొదలై, తరువాతి నెల మధ్యలో ముగుస్తుందని గుర్తుంచుకోండి. పేర్లు నోటికి కొత్తగా ఉన్నా అన్నీ మన వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢాలే. అస్సామీలు 'చ' అక్షరాన్ని 'స'లాగా పలుకుతారు, అందుకే చైత్రం సొత్ అయింది. 'శ, ష, స' అక్షరాలు వారి నోట గొంతులోంచి వచ్చే 'హ'కి దగ్గరగా వినిపిస్తాయి. శావోణ్ అంటే శ్రావణం.

తమిళనాట ఉన్న మన పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సూర్యుడు మేషంలో ఉన్న నెలను తమిళులు చిత్తిరై అంటారు. అదే నెల అస్సామీలకు బొహాగ్, ఒడియావారికి బైశాఖ. సూర్యుడు మీనంలో ఉన్న నెల తమిళులకు పంగుని, అస్సామీలకు సొత్, అంటే చైత్రం. ఒకే నెలకి ఒకచోట చైత్రం పేరు, మరొకచోట వైశాఖం పేరు. కాబట్టి నెల పేరు ఒక్కటే చూసి తేదీ నిర్ణయించకూడదు.

మొదటి తేదీ ఏ రోజు?

సూర్యుడు రాశి మారేది ఒక క్షణంలో. ఆ క్షణం పగలైనా రావచ్చు, అర్ధరాత్రైనా రావచ్చు. మరి నెలలో మొదటి తేదీ ఏ రోజున వేయాలి? దీనికి ఒక్కో ప్రాంతం ఒక్కో నియమం పెట్టుకుంది.

ఒడిశాలో సంక్రాంతి ఏ రోజున వస్తే ఆ రోజే కొత్త నెల మొదటి తేదీ. తమిళనాట సూర్యాస్తమయానికి ముందు సంక్రమణం జరిగితే ఆ రోజే మొదటి తేదీ, సూర్యుడు అస్తమించాక జరిగితే మర్నాడు. అస్సాంలో సంక్రాంతి రోజు పాత నెలకి చివరి రోజు, మర్నాడు కొత్త నెలకి మొదటి రోజు. రెండు నెలలు కలిసే ఈ సంధిని వారు దొమాహి అంటారు.

2025 సంవత్సరం తీసుకోండి. దృక్ గణితం ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున సూర్యుడు మేషంలో ప్రవేశించాడు. ఆ రోజు మా బరంపురంలో పణా సంక్రాంతి. తులసికోట మీద అడుగున చిల్లు పెట్టిన కుండ కట్టి, బొట్టుబొట్టుగా నీళ్ళు పడేలా చేశారు. అదే రోజు తమిళనాట పుత్తాండు. అస్సాంలో మాత్రం ఆ రోజు సొత్ నెల ఆఖరి రోజు, సంవత్సరాది మర్నాడు 15న. సూర్యుడు ఒక్కడే, ప్రవేశం ఒక్కటే. తేడా అంతా పద్దు ఏ రోజున రాయాలన్న నియమంలోనే ఉంది. బ్యాంకులో సాయంత్రం కౌంటరు మూసిన తరువాత అందిన చెక్కును మర్నాటి తేదీలో వేసుకోవడం లాంటిదే ఇది. అందులో ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అనడానికి లేదు.

కర్ణాటక, మహారాష్ట్ర, యానాంలో ఉన్న మనవారికి ఈ చిక్కు లేదు. అక్కడి ఉగాది, గుడి పాడ్వా మన ఉగాది రోజునే వస్తాయి. ఒడిశాలో, తమిళనాట ఉన్న మనం మాత్రం ఇంట్లో ఒక సంవత్సరాది, వీధిలో ఒక సంవత్సరాది చూస్తూ పెరిగాము.

నెలలు చిన్నా పెద్దా ఎందుకు?

పంజిక తిరగేస్తే ఆహార్ నెలకి 31 రోజులు, ఒక్కో ఏడు 32 రోజులు కనిపిస్తాయి. పుహ్ నెలకి 29 లేదా 30 మాత్రమే. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు పంచిన లెక్క కాదు.

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదటి వారంలో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరానికి పోతుంది. దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతుంది. కాబట్టి శీతాకాలంలో సూర్యుడు ఒక రాశిని త్వరగా దాటినట్టు, జూన్, జూలైలలో ఆలస్యంగా దాటినట్టు మనకి కనిపిస్తుంది. అందుకే పుహ్ చిన్నది, ఆహార్ పెద్దది.

ఇంకొక సంగతి. ఈ పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాల వెనుతెరతో కొలుస్తుంది. నక్షత్రాల లెక్క సంవత్సరం ఋతువుల లెక్క సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. 20 నిమిషాలే గదా అనుకోవద్దు. ఎనిమిదణాల తేడా అని వదిలేసిన లెడ్జరు ఏడాది చివర ఎంత ఏడిపిస్తుందో నాకు తెలుసు. ఈ 20 నిమిషాలు 71, 72 ఏళ్ళకి ఒక రోజవుతాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు మార్చి 20, 21కి వస్తే, మేష సంక్రాంతి ఏప్రిల్ 14కి రావడానికి కారణం ఇలా పేరుకున్న తేడాయే.

పొలంతో ముడిపడిన బిహులు

పంచాంగం కేవలం లెక్కల పుస్తకం కాదు. అస్సాంలో మూడు బిహు పండగలూ మూడు సంధుల్లో వస్తాయి, మూడూ వరి సాగుతో ముడిపడి ఉన్నాయి.

సొత్ చివరి రోజు గోరు బిహు, అంటే పశువుల బిహు. పశువులకు మినుములు, పసుపు నూరిన ముద్ద పూసి చెరువులో కడుగుతారు. సొరకాయ, వంకాయ ముక్కలు తినిపిస్తారు, కొత్త పలుపుతాళ్ళు కడతారు. మర్నాడు బొహాగ్ మొదటి రోజు మనుషుల బిహు. పెద్దలకు గామోసా ఇచ్చి దండం పెడతారు. ఇదే రొంగాలి బిహు.

ఆహిన్, కాతి నెలల సంధిలో కాతి బిహు. పొలంలో పైరు పచ్చగా ఉంటుంది, గాదెలో గింజ నిండుకుంటుంది. అందుకే దీనికి కొంగాలి బిహు, అంటే లేమి బిహు అని పేరు. విందులు ఉండవు. తులసి దగ్గరా, పొలంలోనూ మట్టి ప్రమిదలు వెలిగిస్తారు.

ఆఘోణ్‌లో శాలి వరి కోతలు వస్తాయి, గాదెలు నిండుతాయి. ఆ తరువాత పుహ్ చివరి రాత్రి ఉరుకా విందు, మాఘ్ మొదటి రోజు తెల్లవారగానే మేజీ అనే పెద్ద మంట. ఇది భోగాలి బిహు. మన భోగిమంటను తలచుకోండి. దూరం వేల కిలోమీటర్లున్నా ఆ నెలలో చలి, కోత ముగిసిన రైతు సంతోషం ఒక్కటే.

అయితే అస్సామీలు చంద్రుణ్ణి వదిలేశారని అనుకోకండి. శంకరదేవుల వర్ధంతి భాద నెల శుక్ల విదియనాడు జరుపుకుంటారు. మాజులీ ద్వీపంలో రాసోత్సవం కాతి పున్నమికి జరుగుతుంది. సాగుకీ, బిహుకీ సూర్యుడు. తిథులకీ, పూజలకీ చంద్రుడు. రెండు ఖాతాలూ ఒకే పుస్తకంలో నడుస్తాయి.

భాస్కరాబ్దం

ఇక సంవత్సరం సంఖ్య సంగతి. అస్సామీ పంచాంగంలోని శకానికి భాస్కరాబ్దం అని పేరు. కామరూప రాజు భాస్కరవర్మ సింహాసనమెక్కిన నాటి నుంచి, అంటే క్రీ.శ. 594 నుంచి దీన్ని లెక్కపెడతారు. ఈయన హర్షవర్ధనుడి సమకాలికుడు, మిత్రుడు. చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఈయన ఆహ్వానం మీదనే కామరూపానికి వెళ్ళాడు. బాణుడి హర్షచరితంలో కూడా ఈయన పంపిన దూత ప్రస్తావన ఉంది.

బెంగాలీల సంవత్సర సంఖ్య కూడా సరిగ్గా ఇదే. అక్కడ వేరే కథ చెబుతారు. అక్బరు గద్దెనెక్కిన 1556లో హిజ్రీ 963 నడుస్తోంది, అక్కడి నుంచి సౌర సంవత్సరాలు లెక్కించుకుంటూ వచ్చారని ఒక వాదం. 1556లోంచి 963 తీసివేసి చూడండి, 593 వస్తుంది. అంకె ఒకటి, దాని వెనుక కథలు రెండు.

అహోం రాజుల కాలంలో మరో లెక్క కూడా ఉండేది. 1228 నుంచి 1826 వరకు అస్సాంను ఏలిన అహోములు తమ చరిత్ర గ్రంథాలైన బురంజీలలో అరవై ఏళ్ళ చక్రంతో సంవత్సరాలు గుర్తించారు. దాన్ని లాక్ని అంటారు. మన ప్రభవ, విభవ అరవై పేర్ల చక్రం గుర్తొస్తుంది గదా! నాణేల మీద వారు శక సంవత్సరం కూడా వేయించేవారు.

2022 నవంబరులో అస్సాం ముఖ్యమంత్రి ప్రభుత్వ క్యాలెండరులో శక, ఇంగ్లీషు సంవత్సరాలతోపాటు భాస్కరాబ్దాన్ని కూడా చేరుస్తామని ప్రకటించారు.

లెక్క కట్టే పద్ధతి

నేను తప్పిన చోటు ఇదే కాబట్టి నిదానంగా చూడండి.

బొహాగ్ మొదటి రోజు నుంచి డిసెంబరు 31 వరకు: భాస్కరాబ్దానికి 593 కలపాలి.
జనవరి 1 నుంచి సొత్ చివరి రోజు వరకు: భాస్కరాబ్దానికి 594 కలపాలి.

1412 బొహాగ్ అంటే 2005 ఏప్రిల్, మే. 1412 ఫాగున్ అంటే 2006 ఫిబ్రవరి, మార్చి. పుహ్ నెల డిసెంబరులోనూ జనవరిలోనూ పడుతుంది కాబట్టి ఆ నెలలో తేదీ కూడా చూడాలి.

ఈ జాగ్రత్త ఒక్క అస్సాం పంచాంగానికే కాదు. జనవరిలో మొదలుకాని ప్రతి సంవత్సరానికీ అవసరమే. తమిళనాడులోనూ ఆంధ్రలోనూ రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం చూసే ఉంటారు. అది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1435 అంటే 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు. మొదటి ఆరు నెలలకు 590 కలపాలి, తరువాతి ఆరు నెలలకు 591.

మన జాతీయ క్యాలెండరు కూడా సౌరమానమే. 1952లో ప్రభుత్వం మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసింది. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22ను శక 1879 చైత్రం 1గా పెట్టి అమలు చేశారు. హిందీలో రాసి ఈ శక తేదీ వేసిన చెక్కును బ్యాంకు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. దానికి సరిపోయే ఇంగ్లీషు తేదీ కట్టి చూసి, గడువు దాటలేదని తేల్చుకుని చెల్లించాలి. అంటే తెలియని క్యాలెండరులో ఉన్నంత మాత్రాన కాగితాన్ని తిప్పి పంపకూడదు, లెక్క కట్టి చూడాలి అని నాకు ఉద్యోగంలోనే నేర్పారు. ఆ పిల్ల దరఖాస్తు దగ్గర ఆ పాఠం మరిచిపోయాను.

మీకు నా మనవి

మన కుటుంబాలు ఐదారు చోట్ల స్థిరపడినవి. తాతగారి జాతకం తెలుగు తిథిలో ఉంటుంది, ఇంటి పత్రం ఫసలీలో ఉంటుంది, ఊరి పండగ మరో పంచాంగంలో ఉంటుంది. దరఖాస్తు నింపేటప్పుడు ఇంగ్లీషు తేదీనే అన్నిచోట్లా ఒకేలా రాయండి. పాత కాగితం జతచేస్తే అది ఏ క్యాలెండరో, దాని ఇంగ్లీషు తేదీ ఏదో ఒక్క వాక్యంలో పక్కన రాయండి. కాగితాలు చూసే నాలాంటి పెద్దలకు కూడా ఒక మాట. రెండు తేదీలు కలవనప్పుడు పిల్లల మాట అబద్ధమనుకునే ముందు మన కూడిక సరిచూసుకుందాం. ఆ అమ్మాయి భయపడకుండా నోరు విప్పి చెప్పింది కాబట్టి సరిపోయింది. అలా చెప్పలేని పిల్లలు కూడా ఉంటారు.

అభ్యాసం

1. భాస్కరాబ్దం 1432 ఆహిన్ ఏ ఇంగ్లీషు సంవత్సరంలో వస్తుంది?
2. భాస్కరాబ్దం 1432 మాఘ్ ఏ ఇంగ్లీషు సంవత్సరంలో వస్తుంది?
3. 2001 ఆగస్టు 20న పుట్టినవారి అస్సామీ నెల, సంవత్సరం ఏవి?
4. 2000 జనవరి 5న పుట్టినవారివి?

జవాబులు: 1. 2025. 2. 2026. 3. భాద, 1408. 4. పుహ్, 1406.

నాలుగూ సరిగ్గా వచ్చినవారు నాకంటే మెరుగు. ఒకటి తప్పినవారు దిగులుపడవద్దు, మళ్ళీ కట్టి చూడండి. మీ అందరి చదువులూ చక్కగా సాగాలని కోరుకుంటూ సెలవు.